పత్తి కట్టెలో దాగిన చక్కెర

ఆదోని మార్కెట్ యార్డులో ప్రతి క్వింటాలు పత్తికీ లెక్క ఉంటుంది గానీ, అక్కణ్ణుంచి ఎమ్మిగనూరు దాకా చేలల్లో మిగిలే పత్తి కట్టెకు ఏ లెక్కా లేదు. కొంత పొయ్యిలోకి పోతుంది, చాలాచోట్ల కాల్చేస్తారు. వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుంటుంది కాబట్టి చేను నుంచి తీయక తప్పదు. తీసినదాన్ని బూడిద చేయడమే నాకు మింగుడుపడదు. ఆ కట్టె బరువులో దాదాపు ఐదో వంతు జైలాన్, అంటే జైలోజ్ అనే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. జైలనేజ్ ఎంజైమ్ దాన్ని మధ్యమధ్య తెంపితే రెండు నుంచి ఏడు అణువుల పొట్టి ముక్కలొస్తాయి. వీటిని మనం అరిగించుకోలేం, పెద్దపేగులోని బైఫిడోబ్యాక్టీరియా తిని పెరుగుతాయి. వీటి విలువంతా అదే. ఆమ్లంతోనూ తెంపవచ్చు, కానీ అది చాలా ముక్కల్ని విడి చక్కెరగా, ఫర్ఫ్యురాల్ అనే రసాయనంగా మార్చేస్తుంది. ఎంజైమ్‌కు 50 డిగ్రీల వేడి చాలు, దాని కోత అదుపులో ఉంటుంది. జపాన్, చైనాల్లో మొక్కజొన్న కండెల నుంచి ఈ పొట్టి ముక్కల సరుకు వ్యాపారంగానే వస్తోంది. కట్టె గట్టిది, దాన్ని బిగించి ఉంచే లిగ్నిన్ పట్టు విడిపించడానికి ముందే క్షారంలో ఉడికించాలి, ఆ మురుగునీటి సంగతేమిటని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నీటికి కటకటలాడే ఈ నేలలో శుద్ధి ఏర్పాటు లేని ఫ్యాక్టరీ అక్కర్లేదు. పురుగుమందుల అవశేషాలు, పత్తి మొక్కలో ఉండే గాసిపాల్ అనే విష పదార్థం పరీక్షించకుండా ఎవరి నోటికీ అందించకూడదు కూడా. రవాణా ఖర్చు మాటకొస్తే, చేలోనే కట్టెను తునకలు చేస్తే లారీలో పట్టే బరువు పెరుగుతుంది; జైలాన్ తీశాక మిగిలే నార ఇంధనపు దిమ్మెలకు పనికొస్తుంది.