హిందీకి 56 రోజులు, తెలుగుకి 28

రామ్‌చరణ్ ‘గేమ్ చేంజర్’ 2025 జనవరి 10న థియేటర్లకు వచ్చింది. సరిగ్గా నాలుగు వారాలకు, ఫిబ్రవరి 7న, అమెజాన్ ప్రైమ్‌లో తెలుగులో ప్రత్యక్షమైంది. అదే సినిమాను హిందీలో ఇంట్లో కూర్చుని చూడాలనుకున్నవాళ్లు మాత్రం మార్చి 7 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు ఎన్టీఆర్ ‘దేవర’ది కూడా ఇదే వరస. 2024 సెప్టెంబర్ 27న విడుదలైతే తెలుగులో నవంబర్ 8న, హిందీలో నవంబర్ 22న నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. రెండూ తెలుగు నిర్మాతల సినిమాలే. వాటికి మొదటి రోజు తెల్లవారకముందే క్యూ కట్టినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. అయినా ఓటీటీ ముందు ఎక్కువ రోజులు బతికే హక్కు హిందీ ఆడే హాళ్లకే దక్కింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పీవీఆర్ ఐనాక్స్ లాంటి జాతీయ మల్టీప్లెక్స్ సంస్థలు ఎనిమిది వారాల గడువు ఇవ్వనిదే హిందీ వెర్షన్‌కు తెర ఇవ్వవు. 2023లో విజయ్ ‘లియో’ హిందీ వెర్షన్ ఆ మల్టీప్లెక్సుల్లో పడకపోవడానికి కారణం అదే. ఆ మాట గట్టిగా చెప్పే బలం వాళ్లకుంది. నరసన్నపేటలోనో నందికొట్కూరులోనో ఒక్క తెరతో నడిచే హాలుకు అంత బలమెక్కడిది?

ఈ తేడా ఎలా ముదిరిందో తెలియాలంటే 2020 ఉగాది దగ్గరికి వెళ్లాలి. మార్చి 25. నాని, సుధీర్‌బాబు నటించిన ‘వి’ ఆ రోజు విడుదల కావాలి. ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. తెలంగాణలో థియేటర్లకు అప్పటికే పది రోజులుగా తాళాలు. బయట ఒక్క హాలూ తెరిచి లేని ఆ పండగనాడు ‘ఆర్ఆర్ఆర్’ పేరు, మోషన్ పోస్టర్ ఫోన్లలో విడుదలయ్యాయి. తెలుగుకంటూ ప్రత్యేకంగా పెట్టిన ఓటీటీ ‘ఆహా’ లాంఛనంగా మొదలైందీ ఆ ఉగాదికే. పంచాంగ శ్రవణంలో ఎవరూ చెప్పలేదు గానీ, పరిశ్రమ రాబోయే రెండేళ్ల జాతకమంతా ఆ ఒక్కరోజులోనే ఉంది.

మూసిన థియేటర్‌కు ఖర్చు ఉండదనుకుంటే పొరపాటు. బొమ్మ పడకపోయినా కరెంటుకు కనీస చార్జీ కట్టాలి. డిజిటల్ ప్రొజెక్టర్‌ను అప్పుడప్పుడూ నడపకపోతే పాడవుతుంది. సీట్లు ఎలుకల పాలు కాకుండా చూసుకోవాలి, వాచ్‌మన్‌కు జీతమివ్వాలి. లీజుకు తీసుకున్న హాలైతే అద్దె సంగతి వేరే. రాబడికి మూలమైన టికెట్, క్యాంటీన్, పార్కింగ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. ప్రభుత్వాలు ఎంతో కొంత సాయం చేశాయి. 2020 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మూడు నెలల స్థిర విద్యుత్ చార్జీలు రద్దుచేసి, థియేటర్లకు రుణాలు ప్రకటించింది. అంతకు కొద్ది రోజుల ముందు గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల వేళ తెలంగాణ పాలకపక్షం కూడా ఇలాంటి హామీలే ఇచ్చింది. కానీ ఆ రుణం తీర్చాలంటే మళ్లీ హాలు నిండాలి.

నిర్మాత కష్టం ఇంకో రకం. మన సినిమాల్లో చాలావాటికి పెట్టుబడి ఫైనాన్షియర్ నుంచి వస్తుంది. లాక్‌డౌన్‌లో ఆగనిది వడ్డీ ఒక్కటే. పూర్తయిన సినిమా డబ్బాలో ఉంటే ప్రతి నెలా దాని ధర పెరుగుతుంది, విలువ తగ్గుతుంది. అలాంటప్పుడు ఓటీటీ ఒక్క చెక్కుతో కొంటానంటే ఎవరైనా ఏం చేస్తారు? ఏప్రిల్ 29న ‘అమృతరామమ్’ నేరుగా జీ5లోకి వెళ్లి దారి తెరిచింది. ‘కృష్ణ అండ్ హిజ్ లీల’, ‘భానుమతి అండ్ రామకృష్ణ’, ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ వరసకట్టాయి. సెప్టెంబర్ 5న ‘వి’ ప్రైమ్‌లో వచ్చేసరికి, పేరున్న హీరో సినిమా కూడా హాలు ముఖం చూడకుండా జనంలోకి వెళ్లొచ్చని తేలిపోయింది.

ఆ ఏడాది వచ్చిన మంచిని కూడా ఒప్పుకోవాలి. ‘కలర్ ఫొటో’ను మామూలు రోజుల్లో థియేటర్లలో వేసి ఉంటే, రెండు పెద్ద సినిమాల మధ్య దొరికిన ఖాళీ వారంలో నాలుగు రోజులు ఆడించి తీసేసేవాళ్లేమో. ‘ఆహా’లో అది నిదానంగా ఇంటింటికీ వెళ్లింది. తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. గుంటూరు హోటల్లో బొంబాయి చట్నీ చుట్టూ తిరిగే ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’కూ ఆ నవంబర్‌లో అలాంటి అదృష్టమే పట్టింది. స్టార్ లేని కథకు జనం తీరిక దొరికిన అరుదైన కాలం అది. ఆ తీరిక వెనక ఎంత భయం, ఎన్ని చావులు ఉన్నాయో మరిచిపోలేం గానీ, సినిమాల వరకు జరిగింది ఇదే.

థియేటర్లు తెరిచాక ప్రేక్షకుడు తిరిగొస్తాడా అన్న అనుమానానికి జవాబు త్వరగానే దొరికింది. 2020 క్రిస్మస్‌కు ‘సోలో బ్రతుకే సో బెటర్’ సగం సీట్ల నిబంధనతో వచ్చింది. సంక్రాంతికి ‘క్రాక్’, ఫిబ్రవరిలో ‘ఉప్పెన’, శివరాత్రికి ‘జాతిరత్నాలు’. మాస్కులు పెట్టుకుని మరీ జనం వచ్చారు, ఈలలు వేయడానికి మాస్కులు దించారు. కానీ అదే సమయంలో ఇంకో పని చాప కింద నీరులా జరిగిపోయింది. జనవరి 9న విడుదలై బాగా ఆడుతున్న ‘క్రాక్’ ఫిబ్రవరి 5నే ‘ఆహా’లోకి వచ్చేసింది. కరోనాకు ముందు కూడా సినిమాలు ఓటీటీకి తొందరగానే వచ్చేవి. అయితే అప్పుడు ఇంట్లో ఆ యాప్ ఉన్నవాళ్లు తక్కువ. లాక్‌డౌన్ తాతమ్మలకు కూడా రిమోట్‌లో ఆ బటన్ ఎక్కడుందో నేర్పింది.

ఇంతలో రెండో వేవ్. ‘వకీల్ సాబ్’ 2021 ఏప్రిల్ 9న వచ్చింది. తెలంగాణలో ఎగ్జిబిటర్లు 21 నుంచి తామే చాలా హాళ్లు మూసుకున్నారు. సినిమా 30వ తేదీకల్లా ప్రైమ్‌లో ఉంది. మూడేళ్ల తర్వాత పవన్ కల్యాణ్ తెరమీద కనిపించిన సినిమా మూడు వారాల్లో ఇంటికొచ్చింది. అప్పుడున్న పరిస్థితిలో అది తప్పు కాదు. అయితే ఆపద వేళ చేసిన పని ఆపద పోయాక కూడా అలవాటుగా మిగిలిపోయింది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆగగలిగినవాళ్లు ఆగారు. ‘ఆర్ఆర్ఆర్’ను మొదట 2020 జూలై 30 అన్నారు. తర్వాత 2021 జనవరి 8, ఆపైన అక్టోబర్ 13, ఆపైన 2022 జనవరి 7. ఒమిక్రాన్ వచ్చి అదీ పోయింది. ఒక దశలో నిర్మాతలు విసిగిపోయి మార్చి 18, లేకపోతే ఏప్రిల్ 28 అని రెండు తేదీలు ఒకేసారి ప్రకటించారు. చివరికి రెండూ కాకుండా మార్చి 25న విడుదల చేశారు, పేరు ప్రకటించిన రోజుకు సరిగ్గా రెండేళ్లకు. అంత బరువు మోసే భుజాలు పరిశ్రమలో ఎంతమందికి ఉంటాయి? మధ్యస్థాయి నిర్మాత అలా ఆగితే అప్పులవాళ్లే ఇంటి ముందు క్యూ కడతారు.

ఆ మధ్యస్థాయి సినిమా చుట్టూనే 2021 ఆగస్టులో రచ్చ జరిగింది. నాని ‘టక్ జగదీష్’ను వినాయక చవితికి, సెప్టెంబర్ 10న, ప్రైమ్‌లో వేస్తామన్నారు. సరిగ్గా అదే రోజు ‘లవ్ స్టోరీ’ థియేటర్లకు రావాలి. తెలంగాణ ఎగ్జిబిటర్లు ప్రెస్‌మీట్ పెట్టి హీరో మీద విరుచుకుపడ్డారు. నిర్మాతల గిల్డ్ ఖండించింది, తర్వాత సర్దుబాటు మాటలు వచ్చాయి. ‘లవ్ స్టోరీ’ 24వ తేదీకి జరిగింది. ఆ కోపంలో న్యాయం ఉంది గానీ గురి తప్పింది. సొంతంగా, లీజుకు బోలెడు థియేటర్లు నడిపే సురేష్ ప్రొడక్షన్స్ సంస్థే జూలైలో ‘నారప్ప’ను ప్రైమ్‌కు ఇచ్చింది. నవంబర్‌లో ‘దృశ్యం 2’నూ ఇచ్చింది. హాళ్లు చేతిలో ఉన్నవాళ్లకే హాళ్ల మీద నమ్మకం చాలని రోజుల్లో ఒక్క హీరోను నిలదీసి లాభమేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో కథ మరో మలుపు తిరిగింది. 2021 ఏప్రిల్ 8 నాటి జీవో 35 ప్రకారం పంచాయతీలోని నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. ఆ డబ్బుతో ఆ హాలు క్యాంటీన్‌లో సమోసా కూడా రాదు. ఆ డిసెంబర్‌లో తనిఖీలు మొదలయ్యాక కొన్ని హాళ్లు సీలయ్యాయి, ఇంకొన్నిటిని యజమానులే మూసేశారు. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చి రేట్లు బతికే స్థాయికి చేరాయి. తెలంగాణ అంతకు మూడు నెలల ముందే మల్టీప్లెక్స్ టికెట్‌కు 250 దాకా, మామూలు ఏసీ హాలుకు 150 దాకా అనుమతించింది. జీఎస్టీ అదనం.

ఇక్కడే పరిశ్రమ పెద్ద పొరపాటు చేసింది. కరోనా నష్టాన్ని సీట్లు నింపి కాకుండా, ఉన్న సీటు ధర పెంచి రాబట్టుకోవాలనుకుంది. నలుగురున్న కుటుంబం సినిమాకు వెళ్లాలంటే పెద్ద నోట్లు తీయాల్సి వచ్చింది. ఇంకోపక్క, నెల తిరక్కముందే అదే సినిమా ఇంట్లో దొరుకుతుందని పసిపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఎక్కువ రేటు, తక్కువ గడువు. ఈ రెండూ కలిసి పనిచేస్తే మామూలు ప్రేక్షకుడు ఏ లెక్క వేస్తాడో చెప్పడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. 2022 వేసవిలో ‘ఆచార్య’ అంత పెద్ద తారాగణంతో చతికిలపడ్డాక, ‘ఎఫ్3’ వాళ్లు మామూలు రేట్లకే టికెట్లని ప్రచారం చేసుకోవాల్సి వచ్చింది. ‘మేజర్’ వాళ్లు రేట్లు తగ్గించామని పోస్టర్ల మీద వేసుకున్నారు. టికెట్ తక్కువ అన్నది సినిమాకు ప్రకటన అయిపోయిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

ఆ ఆగస్టు 1న నిర్మాతలు షూటింగులే ఆపేశారు. చర్చల్లో తేలిన వాటిలో ఒకటి ఎనిమిది వారాల ఓటీటీ గడువు. విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ నెలలోనే ‘బింబిసార’, ‘సీతారామం’, ‘కార్తికేయ 2’ హాళ్లు నింపాయి. జనం రావట్లేదన్న వాదనకు జనమే సమాధానం చెప్పారు. పాత ఒప్పందాల మాట ఉండనే ఉంది గనక ‘సీతారామం’ ఐదు వారాలకే ప్రైమ్‌కు వెళ్లింది. కొత్త ఒప్పందాలు వచ్చాక? పైన చెప్పిన ‘గేమ్ చేంజర్’, ‘దేవర’ ఆ తీర్మానానికి రెండేళ్ల తర్వాతి సినిమాలు.

అమెరికాలో ఇదే తగువు ఎలా తెగిందో చూడటం మంచిది. 2020 ఏప్రిల్‌లో యూనివర్సల్ సంస్థ ‘ట్రోల్స్ వరల్డ్ టూర్’ను ఇంట్లో అద్దెకు పెట్టి, ఇకముందూ అలాగే చేస్తామన్నట్టు మాట్లాడింది. పెద్ద థియేటర్ సంస్థ ఏఎంసీ, మీ సినిమాలు మా హాళ్లలో ఆడవని తెగేసి చెప్పింది. జూలైలో రాజీ కుదిరింది. 17 రోజుల తర్వాత ఇంటికి పంపుకోవచ్చు, కానీ ఆ రాబడిలో ఏఎంసీకీ వాటా. గడువు తగ్గించుకున్నా బదులుగా ఏదో ఒకటి పుచ్చుకుంది. మన సింగిల్ స్క్రీన్ యజమాని గడువూ పోగొట్టుకున్నాడు, వాటా అడిగే మాటే లేదు. 2024 మేలో తెలంగాణలోని సింగిల్ స్క్రీన్లు సినిమాల్లేక పది రోజులు మూతపడ్డాయి. మరుసటి ఏడాది మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలని బంద్ దాకా వెళ్లి వెనక్కి తగ్గారు. వాళ్ల దగ్గర బెదిరించడానికి తాళంచెవి తప్ప ఏమీ లేదు.

నలుగురితో కలిసి చూడాలన్న కోరిక చచ్చిపోయిందా అంటే, ‘బలగం’ను గుర్తుచేసుకోవాలి. 2023 మార్చి 3న థియేటర్లకు, 24నే ప్రైమ్‌కు వచ్చింది. ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకోవచ్చు. అయినా తెలంగాణ పల్లెల్లో నడి ఊళ్లో తెర కట్టి, ఊరంతా చాపలేసుకుని కూర్చుని చూసి ఏడ్చారు. ఆ జనాన్ని రప్పించే ధరకు, రప్పించే దూరంలో హాలు ఉంటే వాళ్లు రారని ఎవరనగలరు?

ఎనిమిది వారాల గడువుకు ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రెండో వారానికే హాళ్ల నుంచి వెళ్లిపోయిన చిన్న సినిమాను ఇంకో ఆరు వారాలు బీరువాలో పెడితే ఎవరికీ లాభం లేదు, వడ్డీ పెరగడం తప్ప. నిజమే. అలాంటి సినిమాలను వదిలేయవచ్చు. ప్రశ్న పెద్ద సినిమాల గురించే. విడుదలకు ముందు రోజుల్లో జీవో కోసం సచివాలయానికి వెళ్లి, బెనిఫిట్ షోకు ఒక రేటు, మొదటి వారానికి ఒక రేటు అడుగుతున్నది వాళ్లే. మామూలు కంటే ఎక్కువ డబ్బు ప్రేక్షకుడి దగ్గర తీసుకునే ప్రత్యేక అనుమతి అది. ప్రభుత్వం దానికి ఒక షరతు పెట్టొచ్చు. రేటు పెంచుకున్న సినిమా తెలుగు వెర్షన్ కూడా 56 రోజుల లోపు ఓటీటీలోకి రాకూడదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, అదే జీవోలో ఇంకో వాక్యం చాలు. ఫిల్మ్ చాంబరే ముందుకొచ్చి ఆ వాక్యం అడిగితే మరీ మంచిది.

అలా చేస్తే ఓటీటీలు కొనవని, బడ్జెట్లు తట్టుకోవని అంటారు. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చి, ఆగస్టు 22న తెలుగులో ప్రైమ్‌కు, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. ‘పుష్ప 2’ ఆ డిసెంబర్ 5న వచ్చి జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. రెండూ తెలుగులో కూడా 56 రోజులు ఆగిన సినిమాలే, రెండింటినీ ఓటీటీలు కొన్నాయి, రెండూ ఆడాయి.