అమ్మడానికి కాదండీ

ఇంట్లో ఉండే ఆడది చేత్తో ఏదైనా చేస్తే చాలు, చూసినవాళ్ళ నోట మొదట వచ్చే మాట "ఎంత బాగుందో" కాదు, "ఎంతకిస్తారు?" అని. అది మెచ్చుకోలే అనుకుని మురిసిపోయేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో ఈసారి గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

నేను చేసేవి ఫుట్‌బాల్ బొమ్మలు. సరిగానే చదివారు. అంగుళం కూడా లేని ప్లాస్టిక్ ఆటగాళ్ళు. కింద గుండ్రటి దిమ్మ ఉంటుంది, వేలితో మీటితే జారుకుంటూ వెళ్ళి బంతిని తన్నుతారు. ఈ ఆటని సబ్బుటియో అంటారు, పుట్టిల్లు ఇంగ్లండ్. అక్కడ ఉండే మా తమ్ముడు ఒకసారి పాత పెట్టె ఒకటి తెచ్చాడు. దాంతో మొదలై ఇప్పుడు రంగు వెయ్యని బొమ్మలు తెప్పించుకుని మన దేశపు మహిళా జట్టుగా మారుస్తున్నాను. మన అమ్మాయిల జట్టు బొమ్మలు నేను వెతికిన ఏ కొట్లోనూ దొరకలేదు మరి. పదిమంది పూర్తయ్యారు, గోల్‌కీపర్ మిగిలింది.

దీనికి నాకు దక్కిన బిరుదులు అన్నీ రాస్తే పోస్టు చాలదు. "ఈ వయసులో బొమ్మలాటలేమిటి పిన్నీ" దగ్గర్నుంచి "ఆ టైములో లలిత చదువుకోవచ్చుగా" దాకా విన్నాను. ఒకావిడ పనిలేనివాడు పిల్లి తల గొరిగిన సామెత కూడా అందుకుంది. (ఆ సామెతలో ఒక కులం పేరుంది, దాన్ని నేను రాయను.) ఇవన్నీ ఒక ఎత్తు. మా ఆడపడుచు ప్రేమగా అన్న మాట ఒక ఎత్తు. "వదినా, ఇన్‌స్టాలో పెట్టు, ఆర్డర్లు కుప్పలుగా వస్తాయి, నీ టైము సద్వినియోగం అవుతుంది."

సద్వినియోగం! మా వీధిలో ఒకాయన పావురాలు పెంచుతాడు. ఇంకొకాయన ఇరవయ్యేళ్ళ నాటి బుల్లెట్ బండిని ప్రతి ఆదివారం విప్పి మళ్ళీ బిగిస్తాడు. వాళ్ళని ఎవరైనా ఎంతకిస్తారని అడిగారా? మగవాడిది హాబీ. మనది "ఖాళీగా ఉంది కదా, ఏదో ఒకటి". ఆ ఏదో ఒకటి డబ్బయినా తేవాలి, పుణ్యమైనా తేవాలి. రెండూ తేకపోతే అది తెగులు.

ఈ బొమ్మల చరిత్ర తెలిశాక నా మంట రెట్టింపయ్యింది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక పీటర్ అడాల్ఫ్ అనే ఆయన ఈ ఆట తయారుచేశాడు. ఆయనకి పక్షుల పిచ్చి. ఆటకి 'హాబీ' అని పేరు పెట్టుకుంటానంటే ట్రేడ్‌మార్కు ఇవ్వలేదు. ఆ పేరుతోనే ఒక డేగజాతి పక్షి ఉంది లెండి, దాని లాటిన్ పేరులోంచి సబ్బుటియో అన్న ముక్క తీసుకున్నాడు. 1946 ఆగస్టులో ఒక మగపిల్లల పత్రికలో ప్రకటన ఇచ్చాడు. మొదటి బొమ్మలు ఉత్త అట్టముక్కలు. కింద దిమ్మ ఆలోచన వాళ్ళమ్మ కోటు గుండీ చూసి వచ్చిందని చెప్పుకుంటారు. మైదానం ఇచ్చేవారు కాదు. సుద్దముక్క ఇచ్చి, ఇంట్లో పాత మిలిటరీ దుప్పటి ఉంటే దాని మీద గీసుకోమనేవారు. అమ్మ గుండీ, ఇంటి దుప్పటి. ఆ దుప్పటి ఎవరు ఉతికి ఆరేసి ఉంటారో వేరే చెప్పాలా?

అసలు కథ తర్వాత ఉంది. 1961 నుంచి అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి. వాటికి చేత్తో రంగులు వెయ్యాలి. ఎవరు వేశారనుకున్నారు? టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ఊరి చుట్టుపక్కల ఇళ్ళలో ఉండే గృహిణులు. బొమ్మలు ఇంటికొచ్చేవి. ఇంటి పని చూసుకుంటూనే చొక్కాలకీ లాగులకీ జుట్టుకీ రంగులేసి తిరిగి పంపేవారు, ముక్కకి ఇంత అని కూలి. చదువుతుంటే మన నిజామాబాద్ వైపు వెయ్యి బీడీలకి ఇంత అని లెక్కకట్టే ఆడవాళ్ళే కళ్ళముందు మెదిలారు.

ఇప్పుడు ఆ పాత పెట్టెల్ని వేలంలో కొనుక్కునే పెద్దమనుషులు భూతద్దం పెట్టి చూసి, ఇది చేత్తో వేసిన రంగు అని గొప్పగా చెప్పుకుంటారు. 1970ల చివర యంత్రంతో రంగు అచ్చువేసిన బొమ్మలు వస్తే వాటికి 'జాంబీలు' అని వెక్కిరింపు పేరు పెట్టారు. అంటే చేతికి అంత విలువన్నమాట. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఏ పెట్టె మీదా రాసి లేదు.

పోనీ ఆ పెట్టెలో ఆడే అమ్మాయిలు ఉన్నారా అంటే, అదీ లేదు. గెలిచిన మగవాళ్ళకి కప్పు అందించడానికి రాణిగారి బొమ్మ చేశారు. పోలీసుల బొమ్మలు చేశారు. పూర్తిగా అమ్మాయిల జట్లతో సెట్టు మాత్రం 2018లో వచ్చింది. బొమ్మలవాళ్ళనే అనడం ఎందుకు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘమే 1921లో తన మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధం పెట్టి దాదాపు యాభై ఏళ్ళు నడిపింది. అంతకు ఏడాది ముందే, 1920 క్రిస్మస్ మర్నాడు, లివర్‌పూల్‌లో ఒక మహిళల మ్యాచ్‌కి యాభై మూడు వేలమంది వచ్చారు. జనం రాక మూసేసింది కాదు.

అందుకే నాకు "అమ్ము" అనే మాట ప్రోత్సాహంలా వినపడదు. ముక్కకింత లెక్కలోకి మళ్ళీ రమ్మన్నట్టు వినపడుతుంది.

లెక్కంటే గుర్తొచ్చింది, అదీ వేద్దాం. ఒక బొమ్మకి నాకు ఆరు గంటలు పడుతుంది. నాకు దొరికేవి మగపిల్లాడి రూపంలో ఉన్న బొమ్మలే. ముందు మెడ దగ్గర జుట్టు బ్లేడుతో చెక్కాలి. ఎంసీల్ కలిపి, గట్టిపడేలోగా గుండుసూదితో పోనీటెయిల్ తీర్చాలి. ఆ మర్నాడు తెల్లరంగు పూత, అది ఆరాక నీలం జెర్సీ, మూడు సున్నాల బ్రష్‌తో అంచులు, ఆఖరున మెరుపు లేని వార్నిష్. ముఖం కందిగింజంత కూడా ఉండదు. రంగుల సీసాల్లో 'చర్మం రంగు' అని రాసి ఉన్నది తీసి చూస్తే గులాబీ! ఎవరి చర్మమండీ అది? నేను పసుపుమట్టి రంగు, ఇటుక రంగు, తెలుపు కలుపుకుని ఒక్కో అమ్మాయికి ఒక్కో ఛాయ చేస్తాను. పెళ్ళిచూపుల్లో 'కలర్ కొంచెం తక్కువ' అనే మాట వింటూ పెరిగినదాన్ని. చామనఛాయని ఇంత శ్రద్ధగా కలపడంలో ఉండే తృప్తి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఆరు గంటల బొమ్మని మూడొందలకి అమ్మితే గంటకి యాభై రూపాయలు. అది సరే. ఆర్డర్లంటూ మొదలైతే జనం ఎవరిని అడుగుతారు? మెస్సీని అడుగుతారు, రొనాల్డోని అడుగుతారు. గుగులోత్ సౌమ్యని చేసిపెట్టమని ఎంతమంది అడుగుతారు? నిజామాబాద్ జిల్లా పిల్ల, దేశానికి ఆడుతోంది, క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడింది. మీలో ఎంతమందికి ఆ పేరు తెలుసో చెప్పండి. 2025 జూలై 5న థాయిలాండ్‌లోని చియాంగ్ మయిలో మన అమ్మాయిలు థాయిలాండ్ జట్టునే 2-1తో ఓడించి ఆసియా కప్పుకి అర్హత సాధించారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క టపాకాయ పేలలేదు. నేను అమ్మడం మొదలుపెడితే నా బల్ల మీద నుంచి మొదట లేచిపోయేది ఈ పదకొండుమందే. కొనేవాడికి కావలసింది చెయ్యాలిగా మరి.

ఒక మాట వస్తుందని నాకు తెలుసు. 'మీకు గడుస్తోంది కాబట్టి కబుర్లు చెబుతున్నారు, డబ్బు అవసరమైనవాళ్ళ సంగతేమిటి?' అని. నిజమే. అవసరం ఉన్నవాళ్ళు అమ్ముకోవాలి, మంచి ధరకే అమ్ముకోవాలి, మనం బేరం ఆడకుండా కొనాలి. నేను వాళ్ళ గురించి మాట్లాడటం లేదు. గడుస్తున్న ఇంట్లో కూడా ఆడదాని రెండు గంటలకి రసీదు అడిగేవాళ్ళ గురించి మాట్లాడుతున్నాను. ఆ అడిగేవాళ్ళలో సగంమంది మనమే కావడం నాకు ఇంకా బాధ.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు ఇదే మనుషులు ఏమంటారో చూడండి. కొండపల్లి దశావతారాలు, పెళ్ళివారి సెట్టు, అడుగు మెట్టు మీద పచ్చరంగు పొడి పోసి క్రికెట్ ఆటగాళ్ళు. అందరూ "అబ్బ, ఎంత ఓపిక!" అంటారు. ఎవరూ ధర అడగరు, వయసు అడగరు. అవీ బొమ్మలే, ఆ సరదా కూడా సేకరించే సరదాయే. మూడు రోజుల పాటు పండగ పేరు చెప్పి అనుమతి దొరికింది, అంతే తేడా. పోయిన సంక్రాంతికి అప్పటికి అయిన ఆరుగురు అమ్మాయిల్నీ క్రికెట్ వాళ్ళ పక్కనే నిలబెట్టాను. పేరంటానికి వచ్చిన ఒక పెద్దావిడ చాలాసేపు వంగి చూసి, "వీళ్ళకి పేర్లున్నాయా అమ్మా?" అని అడిగారు. ఆరు పేర్లూ చెప్పాను. కూర్చుని విన్నారు.

ఇక గోల్‌కీపర్ సంగతి. ఈ ఆటలో గోల్‌కీపర్ బొమ్మకి వెనక పొడుగాటి కడ్డీ ఉంటుంది, గోలు వెనకనుంచి పట్టుకుని అటూ ఇటూ ఆడించడానికి. గ్లౌజులు అయిపోయాయి. ఆ కడ్డీకి రంగు వేస్తే ఆడేటప్పుడు వేళ్ళ రాపిడికి పెచ్చులూడుతుందా, వదిలేస్తే ఎబ్బెట్టుగా కనపడుతుందా అని నాలుగు రోజులుగా తేలడం లేదు. ప్లాస్టిక్ మీద రంగు నిలిచే కిటుకు మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.