మెడల్ ఇచ్చాం కదా, ఇంకేంటి?

నేను వర్జీనియాలో ఉంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్ళకి వాషింగ్టన్ చూపించే బాధ్యత నాదే. వైట్ హౌస్ ముందు ఒక ఫొటో, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఒక ఫొటో, ఆఖరికి క్యాపిటల్ ఎదురుగా పచ్చికలో కూర్చుని పులిహోర డబ్బా తెరవడం. ఇదీ మా రూట్ మ్యాప్.

పోయినసారి మా నాన్నగారు వచ్చినప్పుడు కూడా అలాగే తీసుకెళ్ళాను. ఆయన రిటైర్డ్ టీచరు. ప్రశ్నలు వేయడం ఇంకా మానలేదు. అక్కడ కాపలా ఉన్న పోలీసుని చూసి, "ఒరేయ్, ఆ రోజు దెబ్బలు తిన్నది వీళ్ళేనా?" అన్నారు.

"వీళ్ళే నాన్నా. మెడల్స్ కూడా ఇచ్చారు."

"ఇచ్చి? ఆ తర్వాత?"

పులిహోర గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే ఆ తర్వాత జరిగిందే అసలు కథ.

2021 జనవరి 6 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అధ్యక్ష ఎన్నికల ఓట్లు లెక్కపెట్టి ఫలితం ఖరారు చేయడానికి కాంగ్రెస్ కూర్చున్న రోజు. ఓడిపోయిన ట్రంప్ మద్దతుదారులు వేలమంది భవనాన్ని చుట్టుముట్టి, తలుపులూ కిటికీలూ పగలగొట్టి లోపలికి దూరారు. సుమారు 140 మంది పోలీసులు గాయపడ్డారు. డేనియల్ హాడ్జెస్ అనే ఆఫీసరు తలుపు సందులో నలిగిపోతూ అరిచిన వీడియో ప్రపంచమంతా చూసింది. యూజీన్ గుడ్‌మన్ ఒంటరిగా ఉండి, గుంపుని తన వెనక తిప్పుకుని సెనేట్ హాలు వైపు వెళ్ళకుండా చేశాడు. ఆ తర్వాతి రోజుల్లో, నెలల్లో అక్కడ పనిచేసిన నలుగురు ఆఫీసర్లు ఆత్మహత్య చేసుకున్నారు.

కానీ ఒకటి గమనించండి. అదే రాత్రి కాంగ్రెస్ మళ్ళీ కూర్చుంది. తెల్లవారుజామున మూడున్నర దాటాక లెక్క పూర్తయింది. వాళ్ళు కాపాడింది ఒక నాయకుణ్ణి కాదు, ఒక పార్టీని కాదు.. ఆ లెక్కని.

దానికి కాంగ్రెస్ బంగారు పతకం ప్రకటించింది. ప్రతినిధుల సభలో 406 మంది అవునన్నారు, 21 మంది కాదన్నారు. 2022 డిసెంబరులో ప్రదానం జరిగింది. దాడి మర్నాడు చనిపోయిన బ్రయన్ సిక్నిక్ అనే ఆఫీసరు కుటుంబం ఆ సభలో ఇద్దరు రిపబ్లికన్ పెద్దలకి షేక్ హ్యాండ్ ఇవ్వకుండా వెళ్ళిపోయింది. వాళ్ళ పేర్లతో ఒక ఫలకం ఏడాదిలోగా పెట్టాలని 2022 మార్చిలో చట్టం చేశారు. గడువు దాటిపోయింది. ఆ ఫలకం కోసం 2025 జూన్ లో ఇద్దరు ఆఫీసర్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. అంతకుముందే, 2025 జనవరి 20 న ట్రంప్ సుమారు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టేశారు. పోలీసుల్ని కొట్టినట్టు రుజువై శిక్షపడినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

అసలు 2021 మే నెలలోనే ఒక సభ్యుడు, లోపలి వీడియోలు చూస్తే మామూలు టూరిస్టుల్లా ఉన్నారు అనేశాడు. టూరిస్టులంటే మేమండీ బాబూ, పులిహోర డబ్బాతో వచ్చేవాళ్ళం! అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు?

మన ఫీల్డులో ఇలాంటి సీను మీరూ చూసే ఉంటారు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక రాత్రి ప్రొడక్షన్ పడిపోయింది. సపోర్టులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు తెల్లవార్లూ కూర్చుని నిలబెట్టారు. ఇద్దరికీ స్పాట్ అవార్డు ఇచ్చారు. అందరం రిప్లై ఆల్ కొట్టి కంగ్రాట్స్ చెప్పాం. మూడు నెలలయ్యాక చూస్తే ఆ టికెట్ సివియారిటీ వన్ నుంచి త్రీకి మారిపోయింది. అంటే పెద్దగా ఏమీ జరగలేదన్నమాట! ఆ ఇద్దరిలో ఒకడు నాతో అన్నాడు, "అవార్డు వెనక్కి తీసుకున్నా బాధపడేవాణ్ణి కాదు బాస్. ఆ రాత్రి అసలు జరగనట్టే చేశారు చూడు, అదీ బాధ."

సన్మానం అంటే శాలువా కప్పడం కాదు. జరిగింది జరిగినట్టు ఒప్పుకోవడం. అది లేకపోతే మెడల్ ఉత్త రేకు ముక్క.

ఇది అమెరికా వాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. 2001 డిసెంబరు 13 న మన పార్లమెంటు మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు నేను ఇంజనీరింగ్ హాస్టల్లో టీవీ ముందే ఉన్నాను. సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్ కమలేష్ కుమారి చేతిలో ఆయుధం లేదు. ఆ కారులోవాళ్ళ మీద అనుమానం వచ్చి కేకలు వేసి మిగతావాళ్ళని అప్రమత్తం చేసింది. తూటాలకి బలైపోయింది. ఆవిడతో పాటు జగదీష్ ప్రసాద్ యాదవ్, మత్బర్ సింగ్ నేగీలకి కూడా మరణానంతరం అశోకచక్ర ఇచ్చారు. 2006 లో, దోషికి పడిన శిక్ష అమలు కావడం లేదని కొన్ని కుటుంబాలు మెడల్స్ తిరిగి ఇచ్చేశాయి. ఉరిశిక్ష మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ మెడల్ వెనక్కి ఇచ్చే పరిస్థితి ఎందుకొచ్చిందో ఆలోచించాలి కదా?

సిగ్గు విడిచి చెబుతున్నా, ఆవిడ పేరు నాకు గుర్తులేదు. నాన్నగారు చెప్పారు. ఆ ఏడాది రిలీజైన సినిమాల పేర్లు మాత్రం నేను టకటకా చెప్పగలను.

ఇక వాట్సాప్ గ్రూపులో మిత్రులు అనే మాటలు రెండున్నాయి. ఒకటి, "2020 లో పోర్ట్‌లాండ్‌లో ఫెడరల్ కోర్టు మీద దాడి చేయలేదా?" చేశారు. అదీ తప్పే. కోర్టుని కాపాడినవాడికీ ఇదే గౌరవం దక్కాలి. కొట్టినవాడు ఏ పార్టీయో చూసి మన కోపం మారితే, మనం పోలీసుని గౌరవిస్తున్నట్టు కాదు, వాణ్ణి వాడుకుంటున్నట్టు. అలాగని పోలీసులు ఏం చేసినా చప్పట్లు కొట్టమనడం లేదు. స్టేషన్ గడప తొక్కాలంటే ఎందుకు భయమో మన ఊళ్ళలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఈ పనిని గౌరవిద్దాం అంటున్నానంతే.

రెండోది, "మనం వీసా మీద బతికేవాళ్ళం, మనకెందుకు?" ఆ రోజు దెబ్బలు తిన్న సార్జెంట్ అక్విలీనో గొనెల్ చిన్నప్పుడు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాడు. ఇరాక్ యుద్ధానికి కూడా వెళ్ళొచ్చాడు. గాయాల వల్ల ఉద్యోగమే వదులుకోవాల్సి వచ్చింది. బయటినుంచి వచ్చినవాడే మరి. మనం ఇంత దూరం వచ్చింది ఇక్కడ రూల్స్ నడుస్తాయనే నమ్మకంతోనే కదా? ఆ నమ్మకానికి కాపలా కాసినవాడి గురించి నిజం చెప్పడానికి గ్రీన్ కార్డు అక్కర్లేదు.

ఆ రోజు వెళ్ళేముందు నాన్నగారు ఆ పోలీసు దగ్గరకెళ్ళి రెండు చేతులూ జోడించారు. అతను కాస్త తికమకపడి, తనూ చేతులు జోడించాడు. నేను ఫొటో తీయడం మర్చిపోయాను. ఈసారి డిసెంబరు 13 న మా అమ్మాయికి కమలేష్ కుమారి కథ, జనవరి 6 న గుడ్‌మన్ కథ చెప్పాలనుకుంటున్నా, ఏదీ తగ్గించకుండా.

మరి మీ ఇంట్లో?