నియమగిరి: పన్నెండు గ్రామసభల వెనుక ఒక ఏడాది శ్రమ

రాయగడ నుంచి బిస్సం కటక్, మునిగుడల మీదుగా సాగే రైలు మార్గానికి పడమట నియమగిరి పర్వతశ్రేణి ఉంది. సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ కొండలు కొత్తవి కావు. శ్రీకాకుళం జిల్లా పొలాలను తడిపి కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే వంశధార ఈ పర్వత ప్రాంతంలోనే పుడుతుంది. చాటికొన, మునిగుడ సంతలకు పసుపు, అనాస, అరటి మోసుకువచ్చే డొంగ్రియా కోంధుల ఆవాసమూ ఇదే. వారు మాట్లాడే కువి, తెలుగుకు దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష.

2013 వర్షాకాలంలో ఈ కొండల మీద వరుసగా పన్నెండు గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకానికి సమ్మతి ఉందా అన్న ప్రశ్నకు పన్నెండు గ్రామాలూ లేదనే సమాధానమిచ్చాయి. ఆ ఘట్టాన్ని చాలామంది సుప్రీంకోర్టు ప్రసాదించిన విజయంగానే గుర్తుంచుకున్నారు. తీర్పు అవకాశాన్ని కల్పించిన మాట వాస్తవం. ఆ అవకాశాన్ని ఫలితంగా మలచిన శ్రమ మాత్రం నియమగిరి సురక్షా సమితిది. ఈ రెంటి మధ్య భేదాన్ని గుర్తించకపోతే, ఆ తరువాత పొరుగు కొండలలో జరిగిన పరిణామాలు అర్థం కావు.

ముందు కర్మాగారం, తరువాత కొండ

కలహండి జిల్లా లాంజిగఢ్‌లో, నియమగిరి పాదం వద్ద, వేదాంత సంస్థ ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యంతో అల్యూమినా శుద్ధి కర్మాగారాన్ని నిర్మించింది. కొండపై ఉన్న ఏడు కోట్ల టన్నులకు పైబడిన బాక్సైట్ నిక్షేపమే దానికి ఆధారమని భావించారు. ఆ ఖనిజాన్ని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ ద్వారా తవ్వి తీయాలన్నది పథకం. ఇందుకు 660 హెక్టార్లకు పైగా అటవీ భూమి కావాలి. గని అనుమతి చేతికి రాకముందే కర్మాగారం లేచి నిలిచింది. కర్మాగారం ఉన్నది గనుక గని ఇవ్వక తప్పదన్న వాదనకు ఆ తొందర మార్గం వేసింది.

2008 ఆగస్టులో సుప్రీంకోర్టు షరతులతో పథకానికి దారి ఇచ్చింది. అయితే 2010 ఆగస్టులో ఎన్.సి.సక్సేనా నాయకత్వంలోని కమిటీ అటవీ హక్కుల చట్టం ఉల్లంఘన జరిగిందని నివేదించింది. అదే నెల 24న కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ తుది అటవీ అనుమతిని నిరాకరించింది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ ఆ నిర్ణయాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. ఇంతలో బాక్సైట్ కొరతతో 2012 డిసెంబరులో కర్మాగారం తాత్కాలికంగా మూతపడింది. పని పోయిన కార్మికుల గోడు, పెట్టుబడి నష్టం, రాష్ట్ర ప్రతిష్ఠ అన్నీ కలిసి కొండ మీద ఒత్తిడిగా పరిణమించాయి. 2013వ సంవత్సరం ఆ ఒత్తిడిలోనే ప్రారంభమైంది.

తీర్పు ఇచ్చినదేమిటి?

2013 ఏప్రిల్ 18న వెలువడిన తీర్పు గనిని రద్దు చేయలేదన్నది గమనార్హం. అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సాముదాయిక హక్కులతోపాటు సాంస్కృతిక, ధార్మిక హక్కులను కూడా గ్రామసభలు పరిశీలించాలని కోర్టు ఆదేశించింది. శిఖరాన ఉన్న హుండల్‌జలి వద్ద నియమరాజును కొలిచే హక్కుకు తవ్వకం వల్ల భంగం కలిగితే, ఆ హక్కును కాపాడవలసిందేనన్నది. మూడు నెలల గడువు విధించి, జిల్లా జడ్జి హోదాగల న్యాయాధికారి పరిశీలకునిగా ఉండాలన్నది.

తీర్పు సారం ఇంతే. కోర్టు ప్రశ్నను కొండకు పంపింది. సభలో మాటలు తడబడినా, ఒక్కొక్క గ్రామానికి ఒక్కొక్క వాగ్దానం చేసి విడదీసినా, అదే తీర్పు గనికి తలుపు తెరిచి ఉండేది.

రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు గ్రామాలను మాత్రమే ఎంపిక చేసింది. వాటిలో ఏడు రాయగడ జిల్లావి, అయిదు కలహండి జిల్లావి. కొండల మీద, కొండల చుట్టూ వందకు పైగా గ్రామాలుండగా పన్నెండింటినే ఎలా అడుగుతారన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. అప్పటి కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి, అరకు లోక్‌సభ సభ్యుడు కిశోర్ చంద్రదేవ్ ఈ ఎంపికను ఆక్షేపించారు. హక్కులున్న గ్రామాలన్నింటినీ అడగాలన్నది ఆ శాఖ వైఖరి. రాష్ట్రం మాత్రం తన జాబితాను మార్చుకోలేదు.

బహిష్కరణా, భాగస్వామ్యమా?

సురక్షా సమితి ముందు అప్పుడు నిలిచినది కఠినమైన ప్రశ్న. జాబితా అన్యాయమని సభలను బహిష్కరించవచ్చు. అలా చేస్తే కోరం ఉన్న చోట ఎవరో కొందరితో తీర్మానం రాయించుకునే ప్రమాదం ఉంది. పాల్గొంటే, ఆక్షేపించిన జాబితాకే ఆమోదముద్ర వేసినట్లవుతుంది. సమితి అన్ని గ్రామాలనూ అడగాలన్న కోరికను వదులుకోకుండానే పన్నెండు సభలకూ ప్రజలను సిద్ధం చేసే మార్గాన్ని ఎంచుకున్నది. ఆ సంవత్సరపు రాజకీయ నిర్ణయాలన్నింటిలో ఇది కీలకమైనది.

ఈ సమితికి పెద్ద కార్యాలయం గాని, ధనబలం గాని లేవు. లఖపదర్‌కు చెందిన లడొ సికాక వంటి డొంగ్రియా నాయకులు ముందు నిలవగా, మైదాన ప్రాంతపు సమాజవాదీ కార్యకర్తలు తోడు నిలిచారు. ఊరూరా నడిచి వెళ్లడం, రాత్రివేళ ఊరి నడుమ కూర్చుని మాట్లాడడం, సంతలలో కలుసుకోవడం, ఏటా ఫిబ్రవరిలో శిఖరం మీద జరిగే నియమరాజు పర్వానికి అందరూ చేరడం ఇక్కడి ఉద్యమ పద్ధతులు. కొండ మీద డొంగ్రియాలతోపాటు దళిత, గౌడ కుటుంబాలు కూడా ఉన్నాయి. డొంగ్రియాలకూ దళితులకూ మధ్య అప్పుల విషయంలో, భూమి విషయంలో పాత పొరపొచ్చాలు లేకపోలేదు. ఆ పొరపొచ్చాలు సభలో బయటపడితే ప్రయోజనం ఎవరికో వేరుగా చెప్పనక్కరలేదు. సభలలో దళిత, గౌడ కుటుంబాలు సైతం తవ్వకాన్ని వ్యతిరేకించాయంటే, ముందునుంచి జరిగిన సయోధ్య ప్రయత్నమే అందుకు కారణమని భావించాలి.

మరొక చిక్కు భాషది. కొండ మాట కువి, కచేరీ కాగితం ఒడియా. తన మాట పరాయి లిపిలో ఎలా నమోదవుతున్నదో చెప్పినవానికి తెలియదు. రెండు భాషల నడుమ బతికే సరిహద్దు తెలుగువారికి ఈ కష్టం కొంత అనుభవైకవేద్యమే. చదివి వినిపించిన తరువాతనే వేలిముద్ర వేయాలన్న జాగ్రత్త అటువంటి చోట చదువుకున్నవారికంటె చదువులేనివారికే ఎక్కువ అవసరం.

జులై 18 నుంచి ఆగస్టు 19 వరకు

మొదటి సభ 2013 జులై 18న రాయగడ జిల్లా సెర్కపడిలో జరిగింది. తరువాత కెసర్‌పడి, తాడిఝోల, కునకాడు, పాల్‌బెరి, బాటుడి, ఫుల్డుమెర్, ఇజిరుపా, లాంబ, లఖపదర్, ఖంబెసి గ్రామాల సభలు జరిగాయి. ఆగస్టు 19న జరపలో చివరి సభతో ఈ క్రమం పూర్తయింది. వానలో, బురద దారుల్లో, సాయుధ బలగాల పహరా నడుమ ఈ సభలు సాగాయి. చట్టం ప్రకారం సభ చెల్లాలంటే గ్రామసభ సభ్యులలో సగం మందికి తగ్గకుండా హాజరు కావాలి. హాజరైనవారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. కొన్ని ఊళ్లలో స్త్రీలే ముందు నిలిచి మాట్లాడారు.

అధికారులు కొన్నిచోట్ల దేవుని స్థలమంటూ చిన్న చిన్న ప్రదేశాలకు హద్దులు గీసి హక్కు పత్రాలు ఇవ్వజూపారు. నియమరాజు ఉండేది ఆ కాస్త చోటులో కాదని, కొండ యావత్తూ ఆయనదేనని గ్రామస్థులు తిప్పికొట్టారు. ఈ సమాధానంలో భక్తి ఉన్నది, న్యాయశాస్త్రమూ ఉన్నది. ధార్మిక హక్కుకు హద్దు చెరువుగట్టంత చిన్నదైతే మిగిలిన కొండ గనికి మిగులుతుంది. కొండ యావత్తూ ఆరాధ్యమైతే గనికి చోటే లేదు. ఈ సూక్ష్మాన్ని సభలో నిలబడి తమ మాటలలో చెప్పగలిగినది, దాని మీద అంతకుముందే ఎన్నోసార్లు చర్చించుకున్న ప్రజలే.

పన్నెండు తీర్మానాలూ ఏకగ్రీవాలు. వాటిని ఆధారం చేసుకుని 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ అనుమతిని మరోసారి నిరాకరించింది. 2016లో ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ మళ్లీ గ్రామసభలు జరపాలని సుప్రీంకోర్టును ఆశ్రయించగా, మే 6న కోర్టు ఆ కోరికను తోసిపుచ్చింది. తీర్మానాలు స్పష్టంగా, నిబంధనల ప్రకారం, న్యాయాధికారి సమక్షంలో నమోదై ఉండడం మూడేళ్ల తరువాత కూడా కొండకు రక్షణ అయింది.

దక్కినది, దక్కనిది

అయినా ఈ విజయాన్ని సంపూర్ణమనడానికి వీలులేదు. లాంజిగఢ్ కర్మాగారం ఇతర చోట్ల నుంచి వచ్చే బాక్సైట్‌తో నడిచింది, విస్తరించింది. కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాలలో ఉద్యోగాలపై ఆశ పెట్టుకున్నవారి అసంతృప్తికి కొండపై తీర్మానం జవాబు కాలేదు. బడి, వైద్యం, తాగునీరు కావాలన్న అవసరం కొండవాసులకూ ఉన్నది. గనిని వద్దన్నవారు వీటిని కూడా వద్దన్నట్లు చిత్రించడం ప్రభుత్వ వర్గాలకు సులువైంది. ఇవి గనికి బదులుగా ఇచ్చేవి కావని, పౌరులుగా వారికి రావలసినవేనని నిలదీయడంలో ఉద్యమం ఇంకా చేయవలసినది చాలా ఉంది.

నిర్బంధమూ తగ్గలేదు. 2023 ఆగస్టులో లడొ సికాకతో సహా పలువురు కార్యకర్తలపై చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. విమర్శలు వెల్లువెత్తిన మీదట ఆ చట్టపు సెక్షన్లను పోలీసులు ఉపసంహరించుకున్నారు. గ్రామసభలో చట్టబద్ధంగా మాట్లాడినవారికి పదేళ్ల తరువాత ఇటువంటి కేసు ఎదురుకావడం ఆలోచించవలసిన విషయం.

అంతకంటె ముఖ్యమైన పరిణామం నిబంధనలలో వచ్చింది. 2009 ఆగస్టులో కేంద్రం జారీచేసిన ఉత్తర్వు ప్రకారం అటవీ భూమి మళ్లింపు ప్రతిపాదనతోపాటే గ్రామసభ సమ్మతి పత్రం ఉండాలి. 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు ఈ వరుసను తారుమారు చేశాయి. అటవీ హక్కుల పరిష్కార బాధ్యతను కేంద్ర అనుమతి తరువాతి దశకు నెట్టి, రాష్ట్రాలకు అప్పగించాయి. కేంద్రం సరేనన్న తరువాత జరిగే సభలో కాదనడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులోనే ఉన్న సిజిమాలి బాక్సైట్ క్షేత్రాన్ని 2023లో జరిగిన వేలంలో వేదాంత దక్కించుకున్నది. అక్కడ గ్రామసభలు జరిగి సమ్మతి లభించినట్లు పత్రాలు చెబుతుండగా, అటువంటి సభలు జరగనే లేదని, సంతకాలు తమవి కావని గ్రామస్థులు ఆరోపించారు. సిజిమాలి ఉన్న కాశీపూర్ ప్రాంతం ఈ పోరుకు కొత్తది కాదు. 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసీలు బలయ్యారు. నియమగిరి సభలకు, సిజిమాలి సభలకు మధ్య తేడా చట్టంలో లేదు. ఒకచోట న్యాయాధికారి కళ్లముందు, ఊరంతా సిద్ధమై వచ్చిన సభ జరిగింది. మరొకచోట సభ జరిగిందా లేదా అన్నదే వివాదమైంది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఏజెన్సీ భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వరాదన్న సమత తీర్పు 1997లోనే వచ్చింది. అయినా 2015 నవంబరులో విశాఖ మన్యంలో బాక్సైట్ కోసం 97వ నంబరు జీవో వెలువడింది. చింతపల్లి ప్రాంతపు గిరిజనులు వీధికెక్కిన తరువాతనే అది అటకెక్కింది, 2019లో రద్దయింది. తీర్పు పుస్తకంలో ఉన్నా, దానిని అమలులో ఉంచినది ప్రజల కదలికే.

సరిహద్దు జిల్లాల పాఠకులు 2013 నుంచి గ్రహించవలసినది ఇదే. సభ తేదీ ఎప్పుడు ప్రకటించారు, నోటీసు ఏ భాషలో ఉన్నది, కోరం నిండిందా, తీర్మానాన్ని చదివి వినిపించారా, నకలు ఊరికి ఇచ్చారా అని అడిగేవారు ప్రతి ఊరిలోనూ ఉండాలి. నియమగిరిలో అటువంటివారిని తయారు చేయడానికే సమితికి ఏళ్లు పట్టింది. 2013లో ఆ శ్రమ ఫలించింది. సిజిమాలి వంటి కొండలకు అంత వ్యవధి దొరుకుతుందా అన్నది ఇప్పుడు తేలవలసిన ప్రశ్న.