కొలవాల్సింది హైడ్రోజన్ ఒక్కటే కాదు

వాడేసిన అణు ఇంధనాన్ని లక్ష సంవత్సరాలు కాపాడే బాధ్యతను స్వీడన్ రాగికి అప్పగించింది. ఫోర్స్‌మార్క్ వద్ద సుమారు 500 మీటర్ల లోతున, 5 సెంటీమీటర్ల మందపు రాగి పెట్టెల్లో దాన్ని పాతిపెట్టాలన్నది ప్రణాళిక. ఆక్సిజన్ లేని నీరు రాగిని తినేయదన్న నమ్మకమే దీనికి పునాది. అలాంటి స్వచ్ఛమైన నీటిలోనూ రాగి క్షయమై హైడ్రోజన్ వెలువడుతుందని స్టాక్‌హోమ్ పరిశోధకుడు గున్నార్ హుల్ట్‌క్విస్ట్ 1986లోనే వాదించారు. ఉప్సలా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలు ఆ వాదనను బలపరచలేదు. ఉక్కు పరికరాల నుంచీ, రాగిలో ముందే చిక్కుకున్న నిల్వ నుంచీ కూడా హైడ్రోజన్ రాగలదు మరి.

ఈ లెక్కలో వెలుతురు పాత్రను చిన్నచూపు చూడకూడదు. రాగిపై ఏర్పడే పలచని ఎర్రటి పొర క్యూప్రస్ ఆక్సైడ్. అది అర్ధవాహకం. నీలం, ఆకుపచ్చ కాంతి పడితే చాలు, అందులో ఎలక్ట్రాన్లు కదులుతాయి, వాటి స్థానంలో ఖాళీలు మిగులుతాయి. ఆ ఎలక్ట్రాన్లు నీటి నుంచి హైడ్రోజన్‌ను విడదీయగలవు. లేదా ఆ ఆక్సైడ్‌నే తిరిగి రాగిగా మార్చేయగలవు. ఖాళీలేమో అదే పొరను నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. కిటికీ పక్కన పెట్టిన గాజు కుప్పెలోని రాగిరేకుకు జరిగేదీ, చీకటి బండరాతి అడుగున రాగి పెట్టెకు జరిగేదీ ఒకటేనని ముందే అనుకోవడానికి వీల్లేదు. అక్కడ వెలుతురు ఉండదు గానీ ఇంధనం నుంచి వచ్చే గామా కిరణాలు ఉంటాయి. కాబట్టి చీకటిలో, వెలుతురులో, గామా వికిరణంలో వేర్వేరుగా పరీక్షించాల్సిందే.

ఎండతో హైడ్రోజన్ తీయాలనుకునేవారికీ ఇదే హెచ్చరిక. క్యూప్రస్ ఆక్సైడ్ చవక, కాంతిని బాగా పీల్చుకుంటుంది. నీటిలో మాత్రం తనను తాను పాడుచేసుకుంటుంది. 2011లో లొసాన్‌లోని శాస్త్రవేత్త గ్రెట్జెల్ బృందం జింక్, టైటానియం ఆక్సైడ్ల పొరలు కప్పి దాన్ని కాపాడే దారి చూపింది. కాపుదల లేని పొర తనే పాడవుతుంది కాబట్టి, కుప్పెలో బుడగలు రాగానే నీరు విడిపోయిందని సంబరపడకూడదు. దాంతోపాటు హైడ్రోజన్‌లో సగం పరిమాణంలో ఆక్సిజన్ రావాలి, రాగి బరువు మారకూడదు. లేకపోతే వెలువడిన వాయువుకు మూల్యం లోహమే చెల్లించి ఉండవచ్చు.

2018లో స్వీడన్ పర్యావరణ న్యాయస్థానం రాగి క్షయంపై మరిన్ని ఆధారాలు అడిగింది. ప్రభుత్వం 2022లో ఆ ప్రణాళికను అనుమతించింది. ఆ నాలుగేళ్లు వృథా అయ్యాయని నేను అనుకోను. రాబోయే తరాల భద్రతపై తీర్పు చెప్పేముందు అడగాల్సిన ప్రశ్నే ఆ న్యాయస్థానం అడిగింది. 2023లో 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజన్ మిషన్‌ను మొదలుపెట్టిన మన దేశానికీ ఆ పట్టుదల అవసరం. ప్రజాధనంతో జరిగే ప్రతి ప్రయోగమూ వెలుతురు, ఆక్సిజన్, తరిగిన లోహం వివరాలను హైడ్రోజన్ అంకెతోపాటే బయటపెట్టాలి. దాన్ని నిధులకు షరతుగా చేయాలి.