నితీశ్‌కి బంతి ఇవ్వండి!
ఇంపాక్ట్ ప్లేయర్ రూల్‌పై ఓ హైదరాబాద్ అభిమాని అభ్యంతరం.. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు ఓ మాట

ఐపీఎల్ సీజన్ వచ్చిందంటే నిజాంపేట హాస్టళ్లలో వినిపించేవి రెండే ప్రశ్నలు. పగలు ‘ఏదైనా కాల్ వచ్చిందా?’, రాత్రి ‘స్కోరెంత?’. మొదటిదానికి జవాబు చెప్పలేక తల దించుకునేవాళ్లు కూడా రెండోదాని మీద గంటసేపు మాట్లాడగలరు. పది కోట్లు పెట్టి కొన్న షమీని ఒక్క సీజన్‌కే లఖ్‌నవూకి ఎందుకు ఇచ్చేశారు? మన తిలక్ వర్మ ముంబయికి ఆడటమేంటి? 2017 వేలంలో సిరాజ్‌ని 2.6 కోట్లకు కొన్నది మనమే కదా, మరుసటి ఏడాదే బెంగళూరుకి ఎలా పోయాడు? ఈ పంచాయితీలు తెల్లారినా తెగవు.

నేనూ ఆ బ్యాచే. దక్కన్ ఛార్జర్స్ 2009లో జొహానెస్‌బర్గ్‌లో కప్పు కొట్టినప్పుడు స్కూల్లో ఉన్నా. 2016లో వార్నర్ జట్టు బెంగళూరును వాళ్ల సొంత గడ్డపైనే 8 పరుగుల తేడాతో ఓడించినప్పుడు బీటెక్‌లో ఉన్నా. కాబట్టి ‘క్రికెట్ మానేసి చదువుకోండి’ అని మీకు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. కానీ మన వాదనల్లో ఒకటి మాత్రం మీ ఉద్యోగానికి నేరుగా పనికొస్తుంది. అదే ఇంపాక్ట్ ప్లేయర్ రూల్.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. 2023 నుంచి ఐపీఎల్‌లో ప్రతి జట్టూ టాస్ దగ్గర పదకొండు మందితోపాటు ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లూ ఇస్తుంది. మ్యాచ్ మధ్యలో వాళ్లలో ఒకరిని దింపొచ్చు. ఎవరి స్థానంలో దింపారో ఆ ఆటగాడు ఇక ఆ మ్యాచ్‌లో కనిపించడు. ఆచరణలో ఏం జరుగుతుందంటే, మొదట బ్యాటింగ్ చేసిన జట్టు ఓ బ్యాటర్‌ని పక్కనపెట్టి బౌలర్‌ని తెచ్చుకుంటుంది. రెండోసారి బ్యాటింగ్ చేసే జట్టు బౌలర్‌ని తీసి బ్యాటర్‌ని దింపుతుంది. అంటే లెక్కకు పదకొండు మందే అయినా, ఆడేది పన్నెండు మంది.

నిజం చెప్పాలంటే, ఈ రూల్ వల్ల మనం బాగానే పండగ చేసుకున్నాం. 2013లో బెంగళూరు కొట్టిన 263 పదకొండేళ్లు చెక్కుచెదరలేదు. 2024లో ఉప్పల్‌లో ముంబయిపై 277 కొట్టి మనం దాన్ని దాటేశాం. మూడు వారాలు తిరక్కుండానే బెంగళూరుపై 287. ఢిల్లీపై అయితే వికెట్ పడకుండా పవర్‌ప్లేలోనే 125! అదనంగా ఓ బ్యాటర్ ఉన్నాడన్న ధీమా ఉంటే హెడ్, అభిషేక్ మొదటి బంతి నుంచే ఎందుకు కొట్టరు? ఆ రాత్రుల్లో ఈ రూల్‌ని తిట్టిన ఆరెంజ్ జెర్సీ నాకు ఒక్కటీ కనిపించలేదు.

అయినా ఈ రూల్ పోవాలనే అంటా. ఎందుకంటే ఇది కుర్రాళ్ల దగ్గర్నుంచి రెండో విద్యని లాగేసుకుంటోంది. ఆరో బౌలర్‌ని బెంచీ మీద నుంచి తెచ్చుకునే వీలున్నప్పుడు, బ్యాటింగ్ చేస్తూ నాలుగు ఓవర్లు వేయగల కుర్రాడికి కెప్టెన్ బంతి ఎందుకిస్తాడు? రోహిత్ శర్మ 2024లో చెప్పింది కూడా ఇదే. శివమ్ దూబె, వాషింగ్టన్ సుందర్ లాంటివాళ్లకు బౌలింగే దొరకడం లేదని, అది భారత క్రికెట్‌కి మంచిది కాదని అన్నాడు. ఆ ఏడాది సుందర్ ఉన్నది మన జట్టులోనే. బోర్డు తీరు చూడండి: 2024-25లో దేశవాళీ సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో ఈ రూల్‌ని ఎత్తేసింది. ఐపీఎల్‌లో మాత్రం 2027 దాకా పొడిగించింది.

మన నితీశ్ కుమార్ రెడ్డినే తీసుకోండి. విశాఖ కుర్రాడు. 20 లక్షలకు జట్టులోకి వచ్చి, 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. తర్వాత ఆరు కోట్లకు అట్టిపెట్టుకున్నారు. హైదరాబాద్ జట్టు అతనికి ప్రధానంగా ఇచ్చిన పని బ్యాటింగ్. కానీ అదే ఏడాది చివర్లో అతను ఆస్ట్రేలియాలో టెస్టు ఆడటానికి కారణం ఒక్క బ్యాటింగేనా? కాదు. మీడియం పేస్ కూడా వేయగలడు కాబట్టే 21 ఏళ్లకే ఆ చోటు దక్కింది. ఆ చోటులోకి వచ్చాకే మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్‌లో దిగి 114 కొట్టాడు. ఎనిమిదో వికెట్‌కి అతనితో కలిసి 127 పరుగులు జోడించింది ఎవరో తెలుసుగా? ఐపీఎల్‌లో బౌలింగ్ దొరకని ఆ వాషింగ్టన్ సుందరే. టెస్టుల్లో ఇంపాక్ట్ ప్లేయర్ లేడు. అక్కడ రెండో విద్యకి ఇంకా విలువ ఉంది.

ఈ గొడవ మనకి కొత్త కావచ్చు గానీ, ప్రపంచానికి పాతదే. అమెరికా బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. బంతి విసరడం అతని పని, బ్యాటింగ్ అంతంతమాత్రం. అతని బదులు బ్యాటింగ్‌కి మాత్రమే ఇంకొకరిని దింపొచ్చని అక్కడి అమెరికన్ లీగ్ 1973లో రూల్ పెట్టింది. పేరు ‘డెసిగ్నేటెడ్ హిట్టర్’. నేషనల్ లీగ్ ఒప్పుకోలేదు. ‘ఆటగాడన్నాక రెండూ చేయాల్సిందే’ అని దాదాపు యాభై ఏళ్లు పట్టుబట్టి, చివరికి 2022లో అదీ శాశ్వతంగా దారికొచ్చింది. అంటే స్పెషలిస్టులే గెలిచారు. తమాషా ఏంటంటే, అదే 2022లో ఇంకో సవరణ కూడా చేశారు. పిచ్చింగూ బ్యాటింగూ రెండూ చేసే ఆటగాడు, పిచ్చింగ్ నుంచి తప్పుకున్నాక కూడా హిట్టర్‌గా కొనసాగొచ్చని. ఎవరి కోసమో అందరికీ తెలుసు: జపాన్ నుంచి వచ్చిన షోహెయ్ ఒహ్తానీ కోసం. స్పెషలిస్టుల కోసం రాసిన రూల్‌ని రెండు పనులూ నిజంగా చేయగలిగిన ఒక్కడి కోసం తిరగరాయాల్సి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన జట్టులోనే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. 2024 మే 24, చెన్నై, రాజస్థాన్‌తో రెండో క్వాలిఫయర్. ఆరు వికెట్లు పడిపోయాక మన ఇంపాక్ట్ ప్లేయర్‌గా షాబాజ్ అహ్మద్ దిగాడు. 18 పరుగులే చేశాడు గానీ, జట్టు 175కి చేరడానికి అవి పనికొచ్చాయి. తర్వాత స్పిన్ తిరుగుతున్న పిచ్‌పై 23 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. అటువైపు అభిషేక్ శర్మ తన రెండో విద్య బయటికి తీసి ఇంకో రెండు పడగొట్టాడు. 36 పరుగులతో గెలిచి ఫైనల్‌కి వెళ్లాం. ఇంపాక్ట్ రూల్‌ని సమర్థించే రవిచంద్రన్ అశ్విన్ కూడా షాబాజ్ లాంటివాళ్లనే చూపిస్తాడు. రూల్ లేకపోతే ఆ రాత్రి అతనికి అవకాశమే రాదు కదా అని. నిజమే, ఒప్పుకోవాల్సిన పాయింటే. కానీ నాకు అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. స్పెషలిస్టుల కోసం పెట్టిన ఆ కుర్చీలో కూర్చుని మ్యాచ్ గెలిపించింది రెండూ తెలిసినవాడు. అన్నట్టు, షాబాజ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. అశ్విన్ బీటెక్ ఐటీ. మన బ్యాచే!

రెండు రోజుల తర్వాత అదే చెన్నైలో ఫైనల్. సీజన్ అంతా నడిచిన ‘కొట్టుడు’ ప్లాన్ ఆ పిచ్‌పై నడవలేదు. 113కి ఆలౌట్. ఒక్కటే ప్లాన్ ఉన్నవాళ్లకి ఆ ప్లాన్ నడవని రోజు ఎలా ఉంటుందో కోల్‌కతా చూపించింది.

ఇప్పుడు మన సంగతి. ఉప్పల్‌లో మ్యాచ్‌కి జేఎన్‌టీయూ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో మారాలి. మన కోర్సుల కేంద్రమూ అదే. ఒక్కో సీజన్‌లో ఒక్కో బోర్డు: జావా ఫుల్‌స్టాక్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. ఏది నడుస్తుంటే అందులో చేరిపోతున్నాం. మూడు నెలల్లో ఒక్కటి నేర్చుకుని, దాన్నే పట్టుకుని ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాం. అంటే మనల్ని మనమే ఇంపాక్ట్ ప్లేయర్లుగా తయారుచేసుకుంటున్నాం. కంపెనీకి సరిగ్గా ఆ ఓవర్‌లో, సరిగ్గా ఆ పనికే మనిషి కావాలి. కాకపోతే బెంచే. ఐటీలో ‘బెంచ్’ అంటే ఏంటో మీ సీనియర్లని అడగండి, క్రికెట్ బెంచీ కంటే గట్టిగా ఉంటుందని చెప్తారు.

నాతోపాటు ఉద్యోగంలో చేరిన బ్యాచ్‌లో జావా ట్రైనింగ్ పూర్తిచేసిన కొందరిని తీసుకెళ్లి ప్రొడక్షన్ సపోర్ట్‌లో వేశారు. కంపెనీ పేరు అనవసరం, చాలాచోట్ల ఇదే తంతు. ‘నేను డెవలపర్‌ని’ అని అలిగి కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఎస్‌క్యూఎల్ క్వెరీ రాయడం, లైనక్స్‌లో లాగ్స్ చూడటం, క్లయింట్‌కి అర్థమయ్యేలా మెయిల్ పెట్టడం ముందే వచ్చినవాళ్లూ ఉన్నారు. ఏడాది తిరిగేసరికి డెవలప్‌మెంట్ టీమ్ పిలిచింది రెండో రకం వాళ్లనే. సిస్టమ్ ఎక్కడ విరుగుతుందో వాళ్లకి తెలుసు కాబట్టి.

ఇక్కడ ఓ పొరపాటు అర్థం చేసుకోకండి. అన్నీ కొంచెం కొంచెం నేర్చుకోమని నేననడం లేదు. రెజ్యూమెలో పద్నాలుగు టెక్నాలజీల పేర్లు రాస్తే ఆల్‌రౌండర్ అయిపోరు. అటు బ్యాటింగూ రాక, ఇటు బౌలింగూ రాక జట్టులో తిరిగే ఆటగాళ్లని మనమే ఎంత ఆడిపోసుకుంటామో గుర్తు చేసుకోండి. ఇంటర్వ్యూ చేసేవాడూ అదే పని చేస్తాడు. ఆ పద్నాలుగులో ఒకటి పట్టుకుని మూడో ప్రశ్న అడిగేసరికి వికెట్ ఎగిరిపోతుంది. అలాగే బుమ్రాని ఎవరూ ‘బ్యాటింగ్ ఎందుకు రాదు’ అని అడగరు. మీరు మీ పనిలో బుమ్రా అయితే ఈ వ్యాసం మీకు కాదు, హాయిగా పేజీ తిప్పేయండి. మిగతా మనందరికీ సరిపడే లెక్క నితీశ్‌ది: ఒక విద్యలో జట్టులోకి రావాలి, రెండో విద్యలో నాలుగు ఓవర్లు నమ్మకంగా వేయగలగాలి.

నమ్మకంగా అంటే? కెప్టెన్ కష్టంలో ఉన్నప్పుడు మీ చేతికి బంతి ఇవ్వగలగాలి. కోర్సు సర్టిఫికెట్ నెట్ ప్రాక్టీస్ లాంటిది, దాన్ని చూసి ఎవరూ బంతి ఇవ్వరు. మ్యాచ్ ఆడి ఉండాలి. మీది కోడింగ్ అయితే, ఓ స్నేహితుడి ప్రాజెక్టుకి టెస్ట్ కేసులు రాసి బగ్స్ పట్టండి. మీది టెస్టింగ్ అయితే, ఆ టెస్టుల్ని ఆటోమేట్ చేసే స్క్రిప్ట్ ఒకటి సొంతంగా రాయండి. డేటా వైపు వెళ్తుంటే క్రిక్‌షీట్ సైట్‌లో ఐపీఎల్ మ్యాచ్‌ల బాల్-బై-బాల్ డేటా ఉచితంగానే దొరుకుతుంది. 2023కి ముందు, తర్వాత ఆల్‌రౌండర్లకి మ్యాచ్‌కి సగటున ఎన్ని బంతులు వేసే అవకాశం వచ్చిందో లెక్కగట్టండి. నా వాదన తప్పని తేలినా పర్లేదు, ఆ లెక్క మీ రెజ్యూమెలో నిలబడుతుంది. ఎవరిని ఆల్‌రౌండర్ అనాలో ఎలా నిర్ణయించారని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఆ జవాబు మీ సొంతం కాబట్టి పది నిమిషాలైనా మాట్లాడగలరు.

‘ఏఐ వచ్చేసింది, ఇప్పుడు ఇవన్నీ ఎందుకన్నా?’ అని కొందరు అడుగుతున్నారు. అది వచ్చింది కాబట్టే చెప్తున్నా. ఒక్క పనినే, చెప్పింది చెప్పినట్టు చేసే చోట మనకంటే వేగంగా చేసే మెషిన్ ఇప్పటికే ఉంది. అది రాసిన కోడ్‌లో తప్పెక్కడుందో పట్టుకోవడానికి, అది ఎవరికి ఎందుకు కావాలో అడిగి తెలుసుకోవడానికి మాత్రం మనిషి కావాలి. ఆ మనిషికి ఒక్క విద్య చాలదు.

ఇంపాక్ట్ రూల్ ఉంటుందో పోతుందో 2027 తర్వాత బోర్డు చూసుకుంటుంది. మనం ఎంత అరిచినా అది మన చేతుల్లో లేదు. కంపెనీలు ఈ ఏడాది ఎవరిని తీసుకుంటాయో కూడా మన చేతుల్లో లేదు. ఈ ఆదివారం మ్యాచ్ మొదలయ్యేలోపు ఓ గంట తీసుకుని రెజ్యూమె ముందు పెట్టుకోండి. ఒక్కో పేరు దగ్గర ఆగి ‘దీనికి కెప్టెన్ నాకు బంతి ఇస్తాడా?’ అని అడగండి. ఇవ్వడనిపిస్తే కొట్టేయండి. చివరికి రెండే మిగిలాయా? కంగారేం లేదు. ఆ రెండింటితోనే గట్టిగా ఆడొచ్చు.