రక్తంలో లేదు, రికార్డులో ఉంది

జిప్సీ జాజ్ గిటార్ నేర్చుకుంటున్నానని ఎక్కడైనా అన్నామా, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. “అది పుస్తకాలతో వచ్చేది కాదండీ. బళ్ల పక్కన నెగడు వేసుకుని, మేనమామ వేళ్లు చూస్తూ నేర్చుకోవాలి. వాళ్లకి రక్తంలోనే ఉంటుంది.” నాతో ఈ మాట అన్నవాళ్లలో ఒక్కరూ రోమానీలు కాదు. కొందరు నాలాంటి ఐటీ ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు గిటార్ టీచర్లు. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక పుస్తకం, దానితో వచ్చిన ఆడియో పెట్టుకుని ఈ సంగీతం సాధన చేస్తున్నవాడిగా చెప్తున్నాను: ఈ మాట పొగడ్తలా వినిపించే అవమానం. పైగా చరిత్ర ప్రకారం అబద్ధం.

చరిత్రతోనే మొదలుపెడదాం. జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియంలోని లిబెర్షీలో మనూష్ కుటుంబంలో పుట్టాడు. చదువుకోలేదు. స్వరలిపి చదవడం రాదు. కుర్రతనంలోనే పారిస్ డాన్స్ హాళ్లలో అకార్డియన్ వాద్యగాళ్ల పక్కన బాంజో వాయించాడు. 1928లో అతని బండికి నిప్పంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. తర్వాతి భాగమే నెగడు భక్తులు దాటేస్తారు. 1931లో తూలోన్‌లో ఎమిల్ సవిత్రీ అనే చిత్రకారుడు జాంగోకి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు వినిపించాడు. అతన్ని జాజ్ వైపు తిప్పింది ఆ రికార్డులే. అమెరికాలో మోగిన ట్రంపెట్ లక్క పలక మీదుగా ఫ్రాన్స్‌లో ఒక గిటార్ వాద్యగాడి చెవిలో పడింది. ఆ మధ్యలో మేనమామా లేడు, రక్తసంబంధమూ లేదు.

1934లో స్టెఫాన్ గ్రపెల్లీ వయొలిన్‌తో కలిసి హాట్ క్లబ్ క్వింటెట్ మొదలైంది. డ్రమ్స్ లేవు. తాళం మోసేవి రెండు రిథమ్ గిటార్లు, ఒక బాస్. వాళ్ల పాటలు కూడా ఒక్కో వైపు మూడు నిమిషాలు పట్టే రికార్డుల మీదే ప్రపంచానికి చేరాయి. జాంగో 1953లో చనిపోయాడు. బిరేలీ లాగ్రెన్ 1966లో, అంటే పదమూడేళ్ల తర్వాత పుట్టాడు. 1980లో మొదటి ఆల్బమ్ తెచ్చేనాటికి అతని వయసు పదమూడు. ఆల్బమ్ పేరులోనే జాంగో ఉన్నాడు. ఇంట్లో గిటార్ వినిపిస్తూనే ఉండేది, నిజమే. కానీ ఎప్పుడూ చూడని మనిషి వాయించిన సోలోలు ఆ పిల్లవాడికి ఎక్కడి నుంచి వచ్చాయి? రికార్డుల నుంచే. అంటే మీరు పరంపర అంటున్నదానిలోనే ఒక రికార్డ్ ప్లేయర్ ఉంది.

ఇక రక్తం సంగతి. జాంగో రెండు వేళ్లతో గిటార్ మెడనంతా మళ్ళీ కొత్తగా వెతుక్కున్నాడు. ఎన్ని గంటలు, ఎన్ని నెలలు పట్టి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. “రక్తంలో ఉంది” అన్న ఒక్క ముక్కతో ఆ శ్రమంతా మాయమైపోతుంది. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. రోమా, సింతీ జనాన్ని వంశాల వారీగా లెక్కగట్టి, రక్తం పేరుతోనే వర్గీకరించి, లక్షల్లో చంపినవాళ్లు నాజీలు. ఈ జనం గురించి మాట్లాడేటప్పుడు రక్తం అమాయకమైన ఉపమానం కాదు. ‘జిప్సీ’ అన్న పేరే వీళ్లని ఈజిప్టువాళ్లనుకున్న పొరపాటులోంచి పుట్టింది, చాలామంది రోమానీలకి అది తిట్టు. ఫ్రాన్స్‌లో ఈ సంగీతాన్ని జాజ్ మనూష్ అంటారు. పుస్తకాల అట్టల మీద మాత్రం పాత పేరే ఉంది కాబట్టి వాడుతున్నాను.

పుస్తకాలన్నీ గొప్పవని నా వాదన కాదు. మార్కెట్‌లో ‘ఇన్ని వందల లిక్స్’ అని అమ్మే సరుకు చాలా ఉంది. ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో అంకెలతో చూపే ట్యాబ్‌లు పేజీల కొద్దీ ఉంటాయి, ఆడియో మాత్రం చివర్లో అనుబంధంలా వేలాడుతుంటుంది. ఈ వరస తలకిందులు కావాలి. నా ఉద్యోగంలో డాక్యుమెంటేషన్ ఒకటి చెప్పి, నడుస్తున్న కోడ్ ఇంకోటి చేస్తుంటే మేం నమ్మేది కోడ్‌నే. ఇక్కడా అంతే. రికార్డింగే అసలు పాఠం, అచ్చు పేజీ దానికి వివరణ.

‘లా పోంప్’ అనే రిథమ్‌నే తీసుకోండి. పేజీ మీద నాలుగు అడ్డగీతలు, అంతే. వింటే తెలుస్తుంది: రెండో దెబ్బ, నాలుగో దెబ్బ పొట్టిగా, బిగువుగా తెగిపోతాయి. ఎడమచెయ్యి కార్డ్ మీద ఒత్తిడి సడలించగానే శబ్దం ఆగుతుంది. ఎంత పొట్టిగా అన్నది ఏ గుర్తూ చెప్పలేదు. 1937 నాటి ‘మైనర్ స్వింగ్’లో ప్రధానంగా ఉన్నవి మూడు కార్డ్‌లే. ట్యాబ్ చూస్తే ఒక సాయంత్రం పని. రికార్డు వింటూ ఆ నడక పట్టుకోవాలంటే మాత్రం నెలలు చాలవు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు, పుస్తకంలో స్వరం ఉన్నా గమకం చెవితోనే పట్టాలి కదా.

అలాగని పేజీ దండగ కాదు. రికార్డుకి చెయ్యి కనపడదు. ఈ శైలిలో కుడిచేతి మణికట్టు వంగి, చెయ్యి గిటార్ ముఖానికి ఆనకుండా తేలుతూ ఉండాలి. పిక్ కిందికి కొట్టి పక్క తీగ మీద ఆగాలి. తీగ మారిన ప్రతిసారీ కింది దెబ్బతోనే మొదలవ్వాలి, వరసగా రెండు కింది దెబ్బలు వచ్చినా సరే. మైకులు, యాంప్లిఫయర్లు లేకుండా డాన్స్ హాలు చివరికి వినపడాల్సిన వాద్యానికి ఇది అవసరం. ఎంత విన్నా నాకు దొరకని ఈ సంగతి ఒక మంచి పుస్తకంలో రెండు పేరాల్లో దొరికింది. జాంగో రెండు వేళ్ల దారిలోనే ట్యాబ్ రాసిన పుస్తకమైతే, అతని స్వరాలు మెడ మీద ఏటవాలుగా ఎందుకు పాకుతాయో కూడా అర్థమవుతుంది. నాలుగు వేళ్ల సౌకర్యానికి సర్ది రాస్తే ఆ జ్ఞానం పోతుంది.

నెగడు పక్షంవాళ్ల వాదనలో బలమైన ముక్క ఒకటుంది, అది ఒప్పుకోవాలి. రికార్డు మన మాట వినదు. మనం తడబడితే ఆగదు, మనం బాగా వాయిస్తే ఉత్సాహపడదు. పక్కన ఇంకో మనిషి రిథమ్ వాయిస్తుంటే వచ్చేది ఏ ఆడియో ఫైలూ ఇవ్వదు. కానీ దాన్ని సావాసం అంటారు, రక్తం అనరు. సావాసం వెతుక్కుంటే దొరుకుతుంది. ఇద్దరుంటే చాలు, ఒకరు పోంప్, ఒకరు సోలో, మళ్ళీ అటు ఇటు. డచ్ సింతీ గిటారిస్ట్ స్టోకెలో రోసెన్‌బర్గ్ తన పేరుతో ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తున్నాడు. వీడియోలో వేగం తగ్గించి మరీ చూపిస్తాడు. ఆ ఇంటివాళ్లే తలుపు తీసి పిలుస్తుంటే, గేటు దగ్గర నిలబడి “రక్తం ఉందా?” అని అడగడానికి మనమెవరం?

ఈ సంగీతం వాళ్లది. దాన్ని నేర్చుకునేవాడు పేర్లు తెలుసుకోవాలి, చరిత్ర తెలుసుకోవాలి, డబ్బు వాళ్ల చేతికి వెళ్లే దారి చూడాలి. అది గౌరవం. “మనవల్ల కాదు, వాళ్ల రక్తం వేరు” అని చేతులు కట్టుకుని కూర్చోవడం గౌరవం కాదు, బద్ధకం. పుస్తకం కొనండి. కానీ ముందు ఆడియో వినండి, పాట నోటితో కూనిరాగం తియ్యగలిగేదాకా వినండి. ఆ తర్వాత పేజీ తెరవండి.